మూడో ఏడాదికి ముందే సామాన్లు సర్దుకున్న కోచ్: బేలా గుట్మన్ పని పద్ధతి

బెన్‌ఫికా పేరెత్తగానే ఫుట్‌బాల్ అభిమానుల నోట ముందు వచ్చే మాట శాపం. లిస్బన్‌లోని ఆ క్లబ్‌కు వరసగా రెండు యూరోపియన్ కప్పులు తెచ్చిపెట్టిన హంగేరియన్ కోచ్ బేలా గుట్మన్ 1962లో బోనస్ అడిగాడట, పెద్దలు కుదరదన్నారట, ఇంకో వందేళ్లు మీకు ఈ కప్పు రాదని చెప్పి వెళ్లిపోయాడట. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ ఒక్క కథ కింద నలభై ఏళ్ల పని పూడుకుపోయింది. 1933 నుంచి 1974 దాకా గుట్మన్ పన్నెండు దేశాల్లో కోచ్‌గా పనిచేశాడు: ఆస్ట్రియా, నెదర్లాండ్స్, హంగేరీ, రొమేనియా, ఇటలీ, అర్జెంటీనా, సైప్రస్, బ్రెజిల్, పోర్చుగల్, ఉరుగ్వే, స్విట్జర్లాండ్, గ్రీస్. ఇదంతా నిలకడలేనితనమని తేల్చేసేవారు ఎక్కువ. దగ్గరగా చూస్తే అందులో ఒక పద్ధతి కనిపిస్తుంది. కోచ్‌కు మూడో సీజన్ ప్రాణాంతకమని గుట్మన్ బాహాటంగానే చెప్పేవాడు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, మైదానంలో దానికి ఆధారమేమిటి, అది ఎక్కడ బెడిసికొట్టింది అన్నవి చూస్తే శాపం కన్నా ఆసక్తికరమైన విషయాలు బయటపడతాయి.

సెంటర్ హాఫ్‌గా చూసిన ఆట

గుట్మన్ 1899లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు డాన్స్ నేర్పేవారు. పదహారేళ్లకే తనూ ఆ పనికి అర్హత సంపాదించాడు. అయితే పేరు తెచ్చింది మాత్రం ఎంటీకే క్లబ్. ఆ జట్టుతో 1919-20, 1920-21 హంగేరీ లీగ్‌లు గెలిచాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ జిమ్మీ హోగన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ నాటిపోయిన ఆట అప్పటికి బాగా వేళ్లూనుకుంది: బంతి నేల మీదే ఉండాలి, పాస్‌లు చిన్నవిగా ఉండాలి, పాస్ ఇచ్చినవాడు ఉన్నచోట నిలబడకుండా ఖాళీలోకి కదలాలి.

గుట్మన్ ఆడింది సెంటర్ హాఫ్ స్థానంలో. దీన్ని ఇప్పటి సెంటర్ బ్యాక్‌తో కలిపేస్తే పొరపాటు. అప్పటి 2-3-5 అమరికలో ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల ముందు ముగ్గురు హాఫ్‌లు ఉంటారు, వారి నడిమివాడే సెంటర్ హాఫ్. వెనక బంతి దొరికితే ముందు చేరేది అతని దగ్గరికే, ముందున్న ఐదుగురికి పంచేదీ అతనే. మైదానమంతా కనిపించే చోటు అది. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారి, దాడి చేసే ఆటగాడికి ముందు ముగ్గురు ప్రత్యర్థుల బదులు ఇద్దరుంటే చాలని అన్నాక ఆ స్థానం మెల్లగా వెనక్కి జరిగి డిఫెండర్‌గా మారింది. తన స్థానమే మైదానంలో చోటు మార్చుకోవడం కళ్లారా చూసిన ఆటగాడు గుట్మన్. అమరిక శాశ్వతం కాదన్న సంగతి అతనికి ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేకపోయింది.

పాలకుడు హోర్తీ కాలంలో హంగేరీలో యూదు వ్యతిరేకత పెరగడంతో 1922లో వియన్నా వెళ్లి హకోవా అనే యూదు క్లబ్‌లో చేరాడు. ఆ జట్టు 1924-25లో ఆస్ట్రియా ఛాంపియన్ అయింది. మధ్యలో 1924 పారిస్ ఒలింపిక్స్‌కు హంగేరీ తరఫున వెళ్లాడు. ఆటగాళ్ల కన్నా అధికారులే ఎక్కువమంది వచ్చారు, బస రాత్రంతా గోలగా ఉండే మోంమార్త్ర్‌లో పెట్టారు. ఎలుకల బెడద కూడా ఉన్న ఆ హోటల్లో గుట్మన్ నిరసనగా చచ్చిన ఎలుకలను అధికారుల గదుల తలుపులకు వేలాడదీశాడు. హంగేరీ ఈజిప్టు చేతిలో 3-0తో ఓడి ఇంటిదారి పట్టింది. అధికారులతో అతని తగవు కోచ్ కాకముందే మొదలైందన్నమాట. కారణం కూడా ఎప్పుడూ ఒకటే: ఆడేవారి సౌకర్యం కన్నా కుర్చీలో కూర్చునేవారి సౌకర్యం ముందుకు రావడం.

1926లో హకోవా అమెరికా పర్యటనకు వెళ్లింది. మే 1న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జరిగిన మ్యాచ్‌కు 46,000 మంది వచ్చారు. యూరప్‌లో దొరకని జీతాలు చూసి జట్టులో చాలామంది అక్కడే ఉండిపోయారు, వారిలో గుట్మన్ ఒకడు. న్యూయార్క్ జెయింట్స్‌కు, తర్వాత న్యూయార్క్ హకోవాకు ఆడాడు. సంపాదించినదాంట్లో చాలా భాగం 1929లో వాల్‌స్ట్రీట్ కూలినప్పుడు పోయింది. డబ్బు విషయంలో అతని పట్టుదలను దురాశ అన్నవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోరు.

అసలు విధ్వంసం తర్వాత వచ్చింది. 1938-39లో కోచ్‌గా ఉయ్‌పెస్ట్ అనే క్లబ్‌కు హంగేరీ లీగ్, మధ్య యూరప్ క్లబ్‌ల మిత్రోపా కప్ గెలిపించాడు. యూదులపై ఆంక్షలు బిగుసుకోవడంతో ఆ పనీ చేజారింది. జర్మన్ ఆక్రమణ కాలంలో కొంతకాలం ఒక సెలూన్ పైనున్న అటకలో దాక్కున్నాడు. తర్వాత వెట్టిచాకిరీ శిబిరానికి తరలించారు. 1944 చివర్లో అక్కడి నుంచి ఎర్నో ఎర్బ్‌స్టైన్ తదితరులతో కలిసి తప్పించుకున్నాడు. ఈ ఎర్బ్‌స్టైనే తర్వాత టొరినో గొప్ప జట్టును తీర్చిదిద్ది, 1949లో సుపెర్గా విమాన ప్రమాదంలో ఆ జట్టుతోపాటు మరణించాడు. గుట్మన్ తండ్రి, అక్కచెల్లెలు, ఇంకా ఎందరో బంధువులు నాజీల చేతిలో హతమయ్యారు. ఆ తర్వాత ఒక ఊరినో ఒక సంస్థనో నమ్ముకుని ఉండిపోవడం అతని వల్ల కాలేదంటే ఆశ్చర్యం లేదు.

కాంట్రాక్టు కూడా ఆటలో భాగమే

1946లో బుకారెస్ట్‌లో చోకానుల్ క్లబ్ పని ఒప్పుకున్నప్పుడు గుట్మన్ జీతం నోట్ల రూపంలో వద్దన్నాడు. యుద్ధం ముగిసిన వెంటనే ధరలు గంటగంటకూ పెరుగుతున్న కాలమది, పొద్దున తీసుకున్న నోటు సాయంత్రానికి చిత్తుకాగితం. కూరగాయలు, తిండి సరుకులు ఇమ్మన్నాడు. జట్టు ఎంపికలో ఒక పెద్దమనిషి వేలు పెట్టబోయేసరికి అక్కడి నుంచీ వెళ్లిపోయాడు.

ఉయ్‌పెస్ట్‌తో 1946-47లో మళ్లీ లీగ్ గెలిచాక కిష్‌పెస్ట్‌లో జరిగింది అతని పద్ధతికి మంచి ఉదాహరణ. ఆ జట్టులో యువ ఫెరెంత్స్ పుష్కాష్ అప్పటికే పెద్ద తార, గుట్మన్‌కు ముందు కోచ్‌గా ఉన్నది పుష్కాష్ తండ్రే. ఒక మ్యాచ్‌లో పాత్యీ అనే ఫుల్‌బ్యాక్ మొరటుగా ఆడుతున్నాడని, విరామం తర్వాత మైదానంలోకి దిగొద్దని గుట్మన్ ఆదేశించాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు, అంటే జట్టు పదిమందితో ఆడాలి. పుష్కాష్ మాత్రం పాత్యీని ఆడమన్నాడు, అతను ఆడాడు. గుట్మన్ వెళ్లి స్టాండ్‌లో కూర్చుని గుర్రప్పందేల పత్రిక చదువుకున్నాడు. మ్యాచ్ అయ్యాక ట్రామ్ ఎక్కి ఇంటికి పోయాడు, మళ్లీ ఆ క్లబ్ గడప తొక్కలేదు. పదిమందితో ఆడాలన్న నిర్ణయం సరైందా కాదా అన్నది వేరే చర్చ. డ్రెస్సింగ్ రూమ్‌లో రెండో అధికారి ఉన్నచోట తన పని సాగదని అతను తేల్చుకున్నది మాత్రం అక్కడే.

ఇటలీ క్లబ్ మిలన్‌లో దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. 1953లో చేరాడు. 1954-55 సీజన్‌లో 19 మ్యాచ్‌లు అయ్యేసరికి జట్టు ఇటలీ అగ్ర లీగ్ సీరీ ఆ పట్టికలో పైన ఉంది. జట్టులో లీడ్‌హోల్మ్, నోర్డాల్, స్కియాఫీనో లాంటివారు. అయినా పెద్దలతో పొసగక అతన్ని తీసేశారు. అదే జట్టు ఆ సీజన్ లీగ్ గెలిచింది. ఆ అనుభవం తర్వాత కొత్త కాంట్రాక్టుల్లో ఒక షరతు రాయించుకునేవాడు: జట్టు పట్టికలో మొదటి స్థానంలో ఉండగా తనను తొలగించకూడదు. కోచ్ ఉద్యోగానికి ఏ భద్రతా లేని రోజుల్లో ఇది సామాన్యమైన ముందుచూపు కాదు. జీతం, బోనస్, తొలగింపు నిబంధన మూడూ కాగితం మీదికి రావాలని పట్టుబట్టడం నేటి కోచ్‌లకు మామూలు. 1950లలో అలా పట్టుబట్టినవాడికి పొగరుబోతు అని పేరు పడేది.

4-2-4లో ఏముంది, ఏది తేడా చేస్తుంది

1956 హంగేరీ విప్లవాన్ని సోవియట్ సైన్యం అణచివేసినప్పుడు కిష్‌పెస్ట్ వారసురాలైన హోన్‌వేద్ జట్టు విదేశంలో ఉంది. ఆ ఆటగాళ్లు 1957 ఆరంభంలో బ్రెజిల్ పర్యటనకు వెళ్లారు, వారితో గుట్మన్ కూడా. పర్యటన ముగిశాక జట్టు చెదిరిపోయింది, గుట్మన్ మాత్రం సావో పాలో క్లబ్‌లో ఉండిపోయి ఆ ఏడాదే పౌలిస్టా (సావో పాలో రాష్ట్ర లీగ్) టైటిల్ గెలిపించాడు.

ఇక్కడే 4-2-4 సంగతి చెప్పుకోవాలి. అప్పటి డబ్ల్యూ-ఎం అమరికలో వెనక ముగ్గురే డిఫెండర్లు, ఒక్కొక్కరికి ఒక్కో ప్రత్యర్థిని అప్పగిస్తారు. ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డ్ ముందుండకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి దిగితే ఏమవుతుంది? నడిమి డిఫెండర్ వెంట వెళ్తే గోల్ ముందు పెద్ద ఖాళీ. వెళ్లకపోతే ఆ దిగినవాడికి అడ్డే లేదు. 1953 నవంబర్‌లో వెంబ్లీలో హంగేరీ ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు హిదెగ్‌కుటి చేసిందిదే, అందులో మూడు గోల్స్ అతనివే. దీనికి జవాబుగా ఒక హాఫ్‌ను డిఫెన్స్ వరసలోకి దించితే వెనక నలుగురవుతారు. నలుగురున్నప్పుడు మనిషి వెంట పరిగెత్తే బదులు చోటును పంచుకుని కాయవచ్చు. సెంటర్ ఫార్వర్డ్‌కు ఇరుపక్కల కాస్త వెనకగా ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లలో ఒకరు సెంటర్ ఫార్వర్డ్ పక్కకు చేరితే ముందూ నలుగురే.

చిక్కంతా మధ్యలో మిగిలిన ఇద్దరితో. బంతి పోయిన క్షణంలో అక్కడ ప్రత్యర్థులు ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ ఇద్దరికీ ఒక పెనాల్టీ బాక్స్ నుంచి రెండో దాకా తొంభై నిమిషాలు పరిగెత్తే ఊపిరితిత్తులు కావాలి. బంతిని మధ్యలో నాన్చకుండా రెండు మూడు పాస్‌లలో ముందుకు చేర్చాలి. అది చాలకపోతే వింగర్లలో ఒకడు వెనక్కి వచ్చి మూడోవాడు కావాలి. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌కు ఎడమవైపు జగాలో చేసింది ఆ పనే. ఈ మూడూ లేకపోతే 4-2-4 రెండు ముక్కలవుతుంది: ముందు నలుగురు బంతి కోసం ఎదురుచూస్తుంటారు, వెనక నలుగురు దాడిని కాచుకుంటుంటారు, నడుమ ఎవరూ ఉండరు.

బ్రెజిల్‌కు 4-2-4 నేర్పింది గుట్మనే అనడం అతిశయోక్తి. అక్కడి కోచ్‌లు అప్పటికే ఆ దిశలో ప్రయోగాలు చేస్తున్నారు. 1958లో బ్రెజిల్‌ను గెలిపించిన విసెంటే ఫియోలా సావో పాలో క్లబ్ మనిషే కాబట్టి గుట్మన్ పని దగ్గరి నుంచి చూశాడు, అంతవరకు నిజం. ఒక ఆలోచన ఒకేసారి అనేక చోట్ల మొలకెత్తిన కాలమది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన భారత జట్టుకు కోచ్ అయిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆ తర్వాత హంగేరీ ఆటను శ్రద్ధగా గమనించాడు. 4-2-4ను మన దేశానికి తెచ్చిన పేరు ఆయనదే. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనివే.

లిస్బన్ మూడేళ్లు

1958 నవంబర్‌లో గుట్మన్ పోర్చుగల్ క్లబ్ పోర్టోలో చేరేసరికి బెన్‌ఫికా ఐదు పాయింట్ల ముందంజలో ఉంది. గెలుపుకు రెండే పాయింట్లున్న రోజుల్లో అది పెద్ద దూరం. చివరి రోజు, 1959 మార్చి 22న, రెండు జట్లూ సమాన పాయింట్లతో దిగాయి. బెన్‌ఫికా 7-1తో, పోర్టో 3-0తో గెలిచాయి. గోల్స్ తేడాలో పోర్టోకు 59, బెన్‌ఫికాకు 58. ఒక్క గోల్‌తో లీగ్ గెలిచిన కోచ్ ఆ వెంటనే ఓడిన క్లబ్‌కు మారిపోయాడు.

బెన్‌ఫికాలో మొదటి పని దాదాపు 20 మంది సీనియర్లను పంపించేయడం, వారి చోట కుర్రాళ్లను ఎక్కించడం. బయటివారికి ఇది క్రూరంగా కనిపించింది. పైన చెప్పిన మిడ్‌ఫీల్డ్ లెక్క గుర్తుంటే కారణం తెలుస్తుంది. ప్రత్యర్థి గోల్ కొడితే కొట్టనీ, మనం ఇంకొకటి కొడతాం అనే ఆటకు కాళ్లలో బలం కావాలి, పాత అలవాట్లు వదిలించుకునే పని ఉండకూడదు. 1959-60, 1960-61 లీగ్‌లు వరసగా వచ్చాయి. తర్వాత జట్టుకు తారైన యూసేబియో రావడంలోనూ తిరిగిన ఊళ్ల పరిచయాలే పనిచేశాయి. సావో పాలోలో తన కింద ఆడిన బావెర్ లిస్బన్‌లో సెలూన్‌లో కలిసి, మొజాంబిక్‌లోని లోరెన్సో మార్క్వెస్‌లో ఒక కుర్రాణ్ని చూశానని చెప్పాడు. గుట్మన్ ఆలస్యం చేయలేదు. 1960 డిసెంబర్‌లో యూసేబియో లిస్బన్‌లో దిగాడు. తమకే చెందాలని లిస్బన్‌లోని ప్రత్యర్థి క్లబ్ స్పోర్టింగ్ వివాదం లేవదీయడంతో మైదానంలోకి దిగడానికి నెలలు పట్టింది.

1961 మే 31న బెర్న్‌లో జరిగిన ఫైనల్‌లో బార్సిలోనాపై 3-2 గెలుపులో అదృష్టం పాలు తక్కువేమీ కాదు. బార్సిలోనా షాట్‌లు పదే పదే గోల్ పోస్టుకు తగిలి వెనక్కి వచ్చాయి, వారి గోల్‌కీపర్ రమల్యెట్స్ ఒకటి తన గోల్‌లోనే వేసుకున్నాడు. బార్సిలోనా గోల్స్ కొట్టిన కోచిష్, జిబోర్ ఇద్దరూ హంగేరియన్లే. అదే మైదానంలో 1954 ప్రపంచ కప్ ఫైనల్‌ను అదే 3-2తో ఓడినవారు.

మరుసటి ఏడాది గెలుపు అలా కాదు. 1962 మే 2న ఆమ్‌స్టర్‌డామ్‌లో రియల్ మాడ్రిడ్‌తో ఫైనల్‌లో 17, 23, 38 నిమిషాల్లో అప్పటి కిష్‌పెస్ట్ పుష్కాష్ మూడు గోల్స్ కొట్టాడు. ఆగ్వాష్, కవేన్ చెరొకటి కొట్టడంతో విరామానికి 3-2. పుష్కాష్‌కు బంతి చేరుతున్న దారిని చూస్తే, ఎక్కువసార్లు అది వెనక్కి దిగి ఆడుతున్న డి స్టెఫానో కాళ్ల నుంచే వస్తోంది. గుట్మన్ గోల్ కొట్టేవాణ్ని వదిలేసి అందించేవాణ్ని పట్టుకున్నాడు. రెండో సగంలో కవేన్‌ను డి స్టెఫానోకు అంటిపెట్టాడు. పుష్కాష్‌కు, డి స్టెఫానోకు అప్పటికి 35 ఏళ్లు. బెన్‌ఫికా వైపు యూసేబియోకు 20, ఎడమ వింగర్ సిమోయెష్‌కు 18. సరఫరా ఆగిపోవడంతో మాడ్రిడ్ అలసట బయటపడింది. 51వ నిమిషంలో కొలునా సమం చేశాడు. 65లో పెనాల్టీతో, 68లో ఫ్రీకిక్‌తో యూసేబియో 5-3 చేశాడు. ఒకే ఒక్క మార్పు, అది కూడా సబ్‌స్టిట్యూట్ లేకుండా, ఉన్న పదకొండు మందిలోనే. గుట్మన్ కోచింగ్ మొత్తంలో చూపించదగ్గ అరగంట ఏదంటే ఇదే.

మూడో ఏడాది లెక్క, శాపం లెక్క

కప్పుల వెలుగులో మరుగున పడిన సంగతి ఒకటుంది. అదే 1961-62లో బెన్‌ఫికా పోర్చుగల్ లీగ్‌లో స్పోర్టింగ్, పోర్టోల వెనక మూడో స్థానానికి జారింది. అది గుట్మన్‌కు అక్కడ మూడో సీజన్. అతని సూత్రానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. మొదటి ఏడాది కొత్త కోచ్ భయం ఉంటుంది, రెండో ఏడాది ఫలితం ఉంటుంది. మూడో ఏడాదికి ప్రతి వారం ఎదురయ్యే స్థానిక జట్లు దాడిని చదివేస్తాయి. అన్నీ గెలిచిన ఆటగాళ్లను ఆదివారం చిన్న ఊరి మ్యాచ్‌కు అదే వేగంతో పరిగెత్తించడం కష్టం. యూరప్ మ్యాచ్‌లకు ఊపు దానంతటదే వస్తుంది, లీగ్‌కు రాదు. ఈ పద్ధతిలో లోపం కూడా ఇక్కడే ఉంది: అలసిన జట్టును మళ్లీ కట్టడమెలాగో గుట్మన్ ఎక్కడా చేసి చూపించలేదు. ఆ పని తర్వాత వచ్చేవాడి నెత్తిన పడేది.

కప్పు గెలిచాక బోనస్ అడిగితే కాంట్రాక్టులో అలాంటిదేమీ లేదన్నారని చెబుతారు. ఏదేమైనా అతను ఉరుగ్వే వెళ్లి పెన్యరోల్ పగ్గాలు పట్టాడు. 1962లో దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్ లిబెర్తదోరెస్ ఫైనల్‌లో ఆ జట్టు పీలే ఉన్న సాంటోస్ చేతిలో ఓడింది.

బెన్‌ఫికా ఆ తర్వాత ఎనిమిది యూరప్ ఫైనల్స్ ఓడింది: 1963, 1965, 1968, 1983, 1988, 1990, 2013, 2014. ఒక్కోదాన్నీ విడదీసి చూస్తే కారణాలు మైదానంలోనే దొరుకుతాయి. 1963లో మిలన్‌పై ఆధిక్యంలో ఉండి 2-1తో ఓడింది, కెప్టెన్ కొలునా గాయపడి నామమాత్రంగా మిగిలాడు, మార్చడానికి నిబంధన లేదు. 1965లో ఇంటర్‌తో ఆడింది ఇంటర్ సొంత మైదానం సాన్ సీరోలో. గోల్‌కీపర్ కోస్టా పెరేరా గాయంతో బయటికి పోతే డిఫెండర్ జెర్మానో గోల్‌లో నిలబడాల్సి వచ్చింది, అయినా ఓటమి 1-0తోనే. 1968లో వెంబ్లీలో 1-1 దగ్గర చివరి నిమిషాల్లో యూసేబియో షాట్‌ను గోల్‌కీపర్ స్టెప్నీ పట్టేశాడు, అదనపు సమయంలో మాంచెస్టర్ యునైటెడ్ మూడు కొట్టింది. 1988, 2014 ఫైనల్స్ పెనాల్టీ షూటౌట్‌లో పోయాయి. 1990 ఫైనల్ వియన్నాలో జరిగింది. 1981లో కన్నుమూసిన గుట్మన్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. మ్యాచ్‌కు ముందు యూసేబియో అక్కడికి వెళ్లి ప్రార్థించాడు. మిలన్ 1-0తో గెలిచింది. దాదాపు ముప్ఫై ఏళ్ల కిందట తనను సెలూన్‌లో విన్న ఒక్క మాటతో పిలిపించిన కోచ్ సమాధి దగ్గర యూసేబియో నిలబడటంలో శాపం కన్నా బంధమే ఎక్కువ కనిపిస్తుంది.

శాపం కథ చెప్పేవారు సాధారణంగా వదిలేసే సీజన్ 1965-66. ఆ ఏడాది బెన్‌ఫికా కోచ్ మళ్లీ గుట్మనే. పిలిచారు, వచ్చాడు. యూరోపియన్ కప్ క్వార్టర్‌ఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 3-2తో ఓడినా లిస్బన్‌లో తిప్పేయవచ్చనుకున్నారు. 1966 మార్చి 9 రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ తరఫున పంతొమ్మిదేళ్ల జార్జ్ బెస్ట్ మొదటి పన్నెండు నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ 5-1తో ముగిసింది. నాలుగేళ్ల కిందట ఆమ్‌స్టర్‌డామ్‌లో కుర్ర కాళ్లతో మాడ్రిడ్ పెద్దలను పడగొట్టిన జట్టే ఈసారి అవతలి కుర్రాణ్ని అందుకోలేకపోయింది. గుట్మన్ ఆ సీజన్‌తో లిస్బన్ వదిలాడు. తర్వాతి క్లబ్‌లు సెర్వెట్, పనథినాయికోస్, ఆస్ట్రియా వియన్నా, చివరిగా 1973-74లో మళ్లీ పోర్టో. వీటిలో ఎక్కడా రెండో సీజన్ దాకా ఉండలేదు.